పెరుగన్నం వచ్చేదాకా

మధ్యాహ్నం పన్నెండున్నర అవుతుంటే అందరికీ ఆకలేస్తుంది. నాకు దిగులేస్తుంది. ఈరోజు ఎవరితో తినాలి, ఎక్కడ తినాలి, తింటూ ఎంతసేపు నవ్వాలి అన్న దిగులు అది. ఇప్పుడు అలా తినే పని చాలావరకు తగ్గింది కానీ, ఆ వేళకు ఆ దిగులు మాత్రం ఇంకా తగ్గలేదు.

తిరుపతి బయట, రేణిగుంట వైపు పోయే దారిలో మాకు చిన్న అట్టపెట్టెల యూనిట్ ఉంది. మామిడి గుజ్జు డబ్బాలు పెట్టుకునే పెట్టెలు, ఊరగాయ సీసాల పెట్టెలు, మిఠాయి పెట్టెలు చేస్తాం. పెట్టె ఎవరు చేసినా పెట్టే. నా పెట్టెకూ పక్కవాడి పెట్టెకూ ఉన్న తేడా లారీ ఎక్కించి దించితే గానీ తెలియదు, అప్పటికి కొనేవాడు ఎవరిదో ఒకరిది కొనేసి ఉంటాడు. కాబట్టి తేడా ఏదో నాలోనే కనిపించాలి. నాకు మాటల గారడీ రాదు, వెనక పెద్ద మనుషులూ లేరు. తెలిసిందల్లా మనిషిని కూర్చోబెట్టి కడుపు నిండా అన్నం పెట్టించడం. అది మా ఇంట్లో చూసి నేర్చుకున్న పని.

మా నాయనది నగరిలో మరమగ్గాల బతుకు. లుంగీలు, తువ్వాళ్ళు కొనడానికి బయటూళ్ళ షావుకార్లు వస్తే ఇంట్లోనే భోజనం పెట్టేవాడు. మగ్గాలు ఆడుతుంటే పక్క మనిషి మాట కూడా వినపడదు, అందుకని భోజనాల వేళకు మగ్గాలు ఆపించేవాడు. వీధి వీధంతా దడదడలాడుతుంటే మా ఇల్లు ఒక్కటే చప్పుడు లేకుండా ఉండేది. అమ్మ వడ్డించేది. నాయన ఆ షావుకారు ఊళ్ళో వానల గురించి, పిల్లల చదువుల గురించి అడిగేవాడే తప్ప సరుకు మాట ఎత్తేవాడు కాదు.

"ఆకు ముందర బేరం ఆడగూడదురా. పెరుగన్నం తిని, చెయ్యి కడిగి, వక్కాకు ఏసుకున్నాకనే యాపారం," అనేవాడు. ఎందుకని అడిగితే, "అన్నం తినేటోడు కాదనలేడురా. కాదనలేనోడితో బేరమేంది?" అనేవాడు.

నేను నాయన మాటను గౌరవంగానే తీసుకున్నాను, కాకపోతే కొంచెం జరిపి తీసుకున్నాను. ఆయన చెయ్యి కడిగాక అన్నాడు. నేను దాన్ని పెరుగన్నం దగ్గర ఆపాను. సంగటి నుంచి రసం దాకా పొరపాటున కూడా పెట్టెల ఊసు ఎత్తను. పెరుగన్నం ఆకులో పడి, మనిషి మెత్తబడి, చెయ్యి ఇంకా ఎంగిలిగా ఉన్నప్పుడు, గొంతు సవరించుకుని, "ఈసారి ఆర్డరు ఎట్టా ఉండాది సార్?" అని అడుగుతాను. ఆ క్షణంలో లేదని చెప్పే తెలుగువాడు నాకు తగల్లేదు. "సూద్దాంలేప్పా" అనైనా అంటాడు. ఆ మాట చాలు, దాన్ని పట్టుకుని నేను మళ్ళీ భోజనానికి పిలవచ్చు.

పైకి ఇది సుఖమైన పనిలా కనిపిస్తుంది. "నీకేమబ్బా, దినామూ కోడి, దినామూ చేప," అని మా బావమరిది ఎగతాళి చేసేవాడు. వాడికేం తెలుసు. ముందే హోటల్‌కు ఫోన్ చేసి ఫ్యాను కింద బల్ల చెప్పిపెట్టాలి. వచ్చినాయన ముందు కూర్చోవాలి, నేను తర్వాత. ఆయన ఏది తింటే నేనూ అదే తినాలి, లేకపోతే ఆయన తిండిపోతులా కనపడతాడు. ఆయన ఆపే వరకు నేను ఆపకూడదు. చివర్లో చెయ్యి కడుక్కునే వంకతో లేచి, బిల్లు బల్ల దాకా రాకముందే కౌంటరు దగ్గర కట్టేసి రావాలి. ఆయన "అరే, ఎందుకప్పా" అనాలి, నేను "దాందేముండాది సార్" అనాలి. ఈ నాటకం ఇద్దరికీ కంఠతా వచ్చు. ఒకసారి నేను కాస్త ఆలస్యం చేస్తే, ఒకాయన పర్సు తీయాల్సి వస్తుందేమోనని తీరిగ్గా పళ్ళు కుట్టుకుంటూ కూర్చున్నాడు.

రకరకాల మనుషులతో తిన్నాను. తిరుపతిలో ఒక లాడ్జీ మేనేజరు, ఆకులో ఉన్నది సగం కూడా తినకుండా, "ఇంట్లోకి రెండు పార్సిల్ చెప్పప్పా," అనేవాడు. నాయుడుపేట దగ్గర ఊరగాయల ఓనరు ఒకాయన, సూప్ దగ్గర మొదలుపెట్టిన ఫోను ఐస్‌క్రీం దగ్గర కూడా పెట్టేవాడు కాదు. ఆయన పెదాలు చూస్తూ నేను గంటసేపు తల ఊపి వచ్చాను. కారెక్కాక గానీ ఆయన మాట్లాడింది నాతో కాదని నా ఒంటికి గుర్తు రాలేదు.

ఇంటిదగ్గర నా భార్య మాత్రం రోజూ క్యారియర్ కట్టి కారులో పెట్టేది. నేను బయట తింటానని ఆమెకు తెలుసు. అయినా కట్టేది. "ఎవురూ రాకపోతే ఆకలితో ఉంటారా?" అనేది. ఎవరో ఒకరు వచ్చేవాళ్ళు. సాయంత్రం ఆ క్యారియర్ కారు వేడికి పులిసిన వాసనతో ఇంటికి పోయేది. ఆమె దాన్ని కడిగి బోర్లించేది. నాకు షుగరు వచ్చిందని డాక్టరు చెప్పిన రోజు కూడా ఆమె నన్ను తిట్టలేదు. క్యారియర్‌లో అన్నం తీసేసి కొర్రన్నం పెట్టింది, అంతే. అది కూడా పులిసి ఇంటికి పోయింది.

మా యూనిట్ నిలబడిందంటే బంగారుపాళ్యం దగ్గరి ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ వల్ల. మా పెద్ద మిషను మీద చేసే పెట్టెలన్నీ దాదాపు వాళ్ళవే. వాళ్ళ ఆర్డరు ఉంటే అతికించే ఆడవాళ్ళకు, కుట్టే ఆడవాళ్ళకు అందరికీ పని. లేకపోతే సగానికి పైగా ఇళ్ళకు పోవాల్సిందే. ఆ ఆర్డరు ఆ ఫ్యాక్టరీ పర్చేజ్ మేనేజరు చేతిలో ఉండేది. నాకంటే కొంచెం పెద్దవాడు, రైతుల కుటుంబం, చిత్తూరులో కాపురం. చొక్కా ఎప్పుడూ టక్ చేసి, జేబులో రెండు పెన్నులతో ఉండేవాడు.

ఆయనతో నా భోజనాలు హైవే పక్కన ఒక హోటల్లో. రాగి సంగటి, నాటుకోడి పులుసు. శనివారం మాత్రం మాంసం ముట్టడు కాబట్టి శనివారం పిలవను. ఆయన నెమ్మదిగా తినేవాడు. మారు వడ్డించడానికి ఎవరైనా వస్తే ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టేవాడు. ఎన్ని ఏళ్ళు తిన్నా ఒక్కసారి కూడా మారు అడగలేదు. అది ఆయన పెద్దరికం అనుకునేవాణ్ణి.

ఆయన దగ్గర ఒక కథ ఉండేది. అడివి దిగి వచ్చిన ఏనుగొకటి ఆయన వాళ్ళ మామిడి తోటలో జొరబడి, కావలి మనిషి గుడిసెలో ఉన్న బెల్లం బుట్ట ఎత్తుకుని, ఆ బుట్ట తొండానికి ఇరుక్కుపోయి, రాత్రంతా తోటలో తిరిగిన కథ. ప్రతి భోజనంలోనూ రసం దగ్గరికి వచ్చేసరికి ఏనుగు దిగేది. బుట్ట ఇరుక్కున్న దగ్గర నేను నవ్వాలి. మొదటిసారి నిజంగానే నవ్వాను. ఆ తర్వాత ఏళ్ళ తరబడి అదే చోట, అంతే గట్టిగా నవ్వుతూ వచ్చాను. ఒక్కోసారి కారులో ఇంటికి వస్తూ దవడలు పట్టేసేవి.

ఒక్క విషయంలో మాత్రం ఆయన గట్టిగా ఉండేవాడు. "ఇంటి దగ్గరికి మాత్రం రాబాకప్పా. ఆఫీసు మాట గడప తొక్కగూడదు," అని మొదట్లోనే చెప్పాడు. నేను ఏ పండక్కీ ఆయన ఇంటికి పోలేదు. ఏ వీధో కూడా తెలియదు.

పోయిన మామిడికాయల కాలం అయిపోయాక ఆయన భోజనానికి రావడం మానేశాడు. మొదట ఆడిట్ అన్నాడు. తర్వాత ఎవరిదో పెళ్ళి అన్నాడు. ఆ తర్వాత వంక కూడా చెప్పకుండా "ఈ వారం కుదర్దప్పా" అనడం మొదలుపెట్టాడు. ఒకరోజు నేనే బండి వేసుకుని ఫ్యాక్టరీకి పోయాను. గేటు దగ్గరే కలిశాడు. నా మొహం చూడకుండా, "తినేసినాప్పా," అన్నాడు. అప్పటికి ఇంకా పన్నెండు కాలేదు.

ఆ వారమే మా లారీ డ్రైవరు ఒక కబురు తెచ్చాడు. నాయుడుపేట దగ్గర కొత్తగా పెద్ద ఆటోమేటిక్ ప్లాంట్ పెట్టిన కుర్రవాడు ఒకడు ఫ్యాక్టరీ వాళ్ళను హైవే మీద పెద్ద హోటల్లో కూర్చోబెట్టి తినిపిస్తుండగా చూశాడట. "మన సారు గూడా ఉండినాడా?" అని అడిగాను. "సరిగ్గా సూళ్ళేదన్నా, ఉండే ఉంటాడు," అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళు నా పక్కన కూర్చుని నా పులుసు జుర్రిన మనిషి, వాడి బిర్యానీకి పోతాడా అని రగిలిపోయాను. ఇంట్లో అన్నం ముందు కూర్చుని కూడా అదే మాట. నా భార్య కాసేపు విని, "సవతి వచ్చినట్టు ఏడస్తా ఉండారే. ఆయప్ప ఎవురితోనన్నా తిననీ, మీరు మాత్ర ఏసుకోండి," అంది. వేసుకున్నాను. కోపం తగ్గలేదు కానీ, కోపం వెనక నుంచి భయం తొంగి చూసింది. దసరా దాటితే వచ్చే కాయల కాలానికి ఆర్డర్ల మాటలు మొదలవుతాయి. అప్పటికి ఆయన నా ఎదురుగా కూర్చుని పెరుగన్నం తినకపోతే, మా పెద్ద మిషను ఆగిపోతుంది. ఇంకో నిజం కూడా చెప్పాలి. ఆగిపోతే బాగుండు, ఇక నవ్వే పని ఉండదు అని కూడా ఒక్కోసారి అనిపించేది. వెంటనే ఆ ఆడవాళ్ళ మొహాలు గుర్తొచ్చి సిగ్గేసేది.

ఇంతలో పెరటాసి వచ్చింది.

దసరా వేళకు వచ్చే ఈ తమిళ నెల తిరుపతి స్వామిది, మా వైపు ఆ నెలంతా, శనివారాలైతే మరీ, ఇంట్లో నీసు వాసన ఉండదు. హైవే మీద కోడి పులుసు హోటళ్ళు ఈగలు తోలుకుంటాయి. నా కడుపుకు ఏడాదిలో దొరికే సెలవు ఆ నెలే. ఆ నెలలో ఏదో ఒక శనివారం స్వామికి తళిగ వేస్తాం. చక్కెర పొంగలి, పులిహోర, వడలు, పెరుగన్నం చేసి, ఆకులో పరిచి స్వామికి చూపించి, పదిమందికి పెట్టి, అప్పుడు తినాలి. దానికి బియ్యం మాత్రం కొట్టు నుంచి తెచ్చుకుంటే సరిపోదు. ఇంట్లో మూటలు మూటలు ఉన్నా సరే, నామం పెట్టిన చెంబు పట్టుకుని, చెప్పులు లేకుండా, "గోవిందా" అంటూ కనీసం కొన్ని ఇళ్ళయినా అడుక్కుని, ఆ బియ్యం కలిపి వండాలి. మేడలున్నవాళ్ళు కూడా ఆ రోజు చెంబు పట్టుకోవాల్సిందే.

మాకు ఈ మొక్కు నా భార్య పుట్టింటి నుంచి వచ్చింది. మామగారు పోయాక చెంబు నా చేతికొచ్చింది. తళిగ చిత్తూరులో అత్తగారింట్లోనే వేస్తాం. నాకదే మంచిదైంది. తిరుపతిలో అయితే ప్రతి వీధిలోనూ నాతో భోజనం చేసినవాడు ఒకడుంటాడు. చిత్తూరులో అయితే ఎవరూ ఎరగని వీధి చూసుకుని గబగబా నాలుగు గుమ్మాలు తిరిగి వచ్చేయొచ్చు. అడుక్కోవడం నాకేమీ కొత్త కాదు. ఏడాది పొడుగునా అడుక్కునేవాణ్ణే, చెంబు కనపడేది కాదు, అంతే. అయినా చెంబు పట్టుకుంటే సిగ్గేస్తుంది.

ఆ శనివారం పొద్దున తలస్నానం చేసి, నామం పెట్టుకుని, పంచె కట్టుకుని అత్తగారుండే గ్రీమ్స్‌పేటలో అంతవరకు తిరగని ఒక సందులోకి పోయాను. రాళ్ళు అరికాళ్ళకు గుచ్చుకుంటున్నాయి. రెండు మూడు ఇళ్ళలో బియ్యం పోశారు. ఆ పక్క ఇంటి గేటు ముందు నిలబడి "గోవిందా గోవింద" అన్నాను. ఒకావిడ చెంబుతో నీళ్ళు తెచ్చి నా కాళ్ళ మీద పోసి, "ఉండండి సామీ, బియ్యం తెస్తా," అని లోపలికి పోయింది.

వరండాలో ఒకాయన బనీను, లుంగీతో నేల మీద కూర్చుని ఒళ్ళో చేట పెట్టుకుని మునగాకు దూస్తున్నాడు. నుదుట నాలాగే నామం. టక్ లేదు, పెన్నులు లేవు, అందుకని ఒక క్షణం పట్టింది. మా పర్చేజ్ మేనేజరు.

ఆయన కూడా నన్ను చూశాడు. చేతిలో మునగరెమ్మ అలాగే ఉండిపోయింది. నాకు వెనక్కి పోవాలనిపించింది, కానీ తలుపు తెరిచి కాళ్ళకు నీళ్ళు పోసిన ఇంటి ముందు నుంచి బియ్యం తీసుకోకుండా పోకూడదు. అలా పోతే ఆ ఇంటికి మంచిది కాదంటారు. ఇంటికి రావద్దన్న మనిషి గడప ముందు, ఆయన ఇచ్చేది తీసుకునేదాకా కదల్లేక, చెంబు పట్టుకుని నిలబడ్డాను. మళ్ళీ ఒకసారి "గోవింద" అన్నాను.

నీళ్ళు పోసినావిడ, ఆయన భార్య, పళ్ళెంలో బియ్యం తెచ్చింది. ఆయన లేచి వచ్చి ఆ పళ్ళెం తన చేతిలోకి తీసుకున్నాడు. గుప్పెడు గుప్పెడుగా పోశాడు. చెంబు నిండి, పొర్లి, నా పంచె మీద పడేదాకా పోస్తూనే ఉన్నాడు.

"చాలు సార్," అన్నాను.

ఆయన ఆగాడు. "నిన్ను తప్పించుకోని తిరగతా ఉండానని నీకు తెలుసు గదప్పా?" అన్నాడు.

నేను తలూపాను.

"ఆర్డరు పోయిందప్పా. కాయల సీజన్ అయిపొయ్యేటప్పటికే పోయింది. మద్రాసు ఆఫీసోళ్ళు అన్ని ఫ్యాక్టరీలకూ ఒకడే అని తీర్మానం చేసేసినారు. ఆ నాయుడుపేట పిల్లోడికే. నన్ను ఒక మాట అడిగింది గూడా లేదు. నేను పోయి చెప్పి సూసినా. నీ పెట్టెలు బాగుంటాయని చెప్పినా. యాడ వింటారు."

ఇన్నాళ్ళూ ఈ మాట ఎలా ఉంటుందో అని భయపడుతూ వచ్చాను. అది వచ్చినప్పుడు నా రెండు చేతులూ నిండు చెంబుకు అంటుకుపోయి ఉన్నాయి. కళ్ళు తుడుచుకునే వీలు కూడా లేదు. కోపమే ముందు వచ్చింది.

"అప్పుడే ఒక మాట చెప్పొచ్చు గదా సార్. ఇంకేదన్నా సూసుకోనుంటాను," అన్నాను.

"యాడ చెప్పేది?" అన్నాడు ఆయన, కాస్త గొంతు పెంచి. "నువ్వు నన్ను పిల్చేది బోజనానికి. నీ కూడు తింటా నీకు లేదని ఎట్ట చెప్పేది? తినేసి, చెప్పకుండా చెయ్యి కడుక్కోని వస్తే అది ఇంకా తప్పు. మళ్ళా పెరుగన్నం కాడ నువ్వు అడగతావు. అందుకని తినేదే మానుకున్నా."

ఆయన భార్య నా వైపు చూసి, "ఆ బాక్సులాయన మీరేనా?" అంది. "రోజూ ఇదే మాట. ఆయన ముకం ఎట్ట సూసేది, ఆయన ముకం ఎట్ట సూసేది అని. పోన్లో చెప్పండి అంటే పోన్లో చెప్పే మాటా ఇది అంటాడు."

మా నాయన మాట నాకు అప్పుడు పూర్తిగా వినపడింది. అన్నం తినేటోడు కాదనలేడురా. నేను ఆ మాటను నా లాభం కోసం వాడుకున్నాను. ఈయన దాన్ని తన మీద వేసుకుని, కాదనాల్సి వస్తుందని అన్నమే మానేశాడు.

"ఆ నాయుడుపేట అబ్బాయి బోజనానికి మీరు పోలేదా?" అని అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను.

"పిల్చినాడు. మావోళ్ళు పోయినారు. నేను పోలా."

"ఈయనకు పిల్చినా పొయ్యే యోగం యాడిది?" అంది ఆవిడ. "షుగరు, గ్యాసు. మీ కోడి పులుసు తినొచ్చిన దినం రాత్రికి మజ్జిగ గూడా తాగడు, పొట్ట పట్టుకోని పడుకుంటాడు."

"నువ్వు ఊరకుండు," అన్నాడు ఆయన. నా వైపు తిరిగి, కాస్త సిగ్గుగా, "నువ్వు అంత ఇష్టంగా తింటా ఉంటే వద్దని ఎట్ట అనేదప్పా," అన్నాడు.

"నాకూ షుగరే సార్," అన్నాను. "మీరు తింటా ఉండారని నేను తినింది."

ఆయన నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముందు ఎవరు నవ్వారో గుర్తు లేదు. నవ్వుతూనే నాకు ఏడుపొచ్చింది. ఎన్ని కోళ్ళు, ఎన్ని మధ్యాహ్నాలు, ఒకరి మర్యాద కోసం ఒకరం మింగి, ఒకరికి తెలియకుండా ఒకరం మాత్రలు వేసుకున్నాం. కారులో పులిసిపోయిన కొర్రన్నం అంతా గుర్తొచ్చింది.

"మధ్యాన్నం తళిగకు రండి సార్. ఇద్దురూ రండి. ఈ ఎనక వీధే మా అత్తగారిల్లు," అన్నాను.

ఆయన వెనక్కి తగ్గాడు. "నీకేం చేసినానని ఏ ముకం పెట్టుకోని వచ్చేది?"

"ఇది నేను పెట్టే బోజనం కాదు సార్. అడుక్కొచ్చిన బియ్యం. మీరు పోసింది గూడా ఇందులోనే ఉండాది."

ఆయన చెంబు వైపు చూశాడు.

అత్తగారింటికి వచ్చి చెంబు దించి, పెరట్లో కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటూ నా భార్యకు చెప్పాను. ఆమె పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి నా పక్కన నిలబడింది. "పెద్ద మిషను ఆపేయాల్నా?" అంది. ఆపేయాలన్నాను. చిన్న దాని మీద మిఠాయి పెట్టెలు చేస్తే కొందరికి పని ఉంటుంది, మిగతావాళ్ళకు ఉండదు. వాళ్ళలో కొందరు మా పెళ్ళి కొత్తలో వచ్చి చేరినవాళ్ళు. సోమవారం వాళ్ళ ముందు నిలబడి ఈ మాట చెప్పాలి. వాళ్ళను భోజనానికి పిలిచి పెరుగన్నం దగ్గర మెత్తగా చెప్పే వీలు లేదు. వట్టి చేతులతో నిలబడి, సూటిగా చెప్పాలి. ఆమె నా వీపు మీద చెయ్యి వేసి, "పొంగలి మాడతా ఉండాది, వస్తా," అని పోయింది.

స్వామికి చూపించి, హారతి ఇచ్చి, ఆకులు పరుస్తుండగా వాళ్ళిద్దరూ వచ్చారు. ఆయన తెల్ల పంచె కట్టుకున్నాడు. జేబులో పెన్నులు మాత్రం మళ్ళీ వచ్చి చేరాయి. మా అత్తగారు "రాండి నాయనా," అని ఆయన్ను నా పక్క ఆకు దగ్గర కూర్చోబెట్టింది. ఆమెకు ఆయన ఎవరో తెలియదు, బియ్యం పోసిన ఇంటాయన అని మాత్రం తెలుసు.

నేల మీద, ఫ్యాను దూరంగా ఉన్నచోట, పక్కపక్కన తిన్నాం. ఎవరి ఆకు వంక వాళ్ళు చూసుకున్నాం. నేను పొంగలి ముద్ద తీసుకుని మిగతాది పక్కకు జరిపాను. ఆయనా జరిపాడు. వడ తిన్నాడు. పులిహోర తిన్నాడు. రసం వచ్చేసరికి, పక్కనున్న మా బావమరిదికి ఏనుగు కథ మొదలుపెట్టాడు. ఏనుగు తోటలోకి వచ్చింది. గుడిసె దాకా వచ్చింది. బుట్ట దగ్గరికి వచ్చేముందు ఆయన ఆగి నా వైపు తిరిగాడు.

"ఇది నీకు చెప్పినా గదప్పా?"

"శానా సార్లు చెప్పినారు సార్."

"మళ్ళా ప్రతిసారీ నవ్వతావుంటివే?"

"నవ్వకపోతే బాగుండదని సార్."

"నువ్వు నవ్వతావు గదా అని నేను చెప్తా వచ్చింది," అన్నాడు. మా బావమరిదికి ఏమీ అర్థం కాక, ఏనుగు ఏమైందో చెప్పమని కూర్చున్నాడు. ఆయన చెప్పాడు. వాడు పగలబడి నవ్వాడు. నేను హాయిగా రసం తాగాను.

పెరుగన్నం వచ్చింది. నా భార్య ఆయన ఆకులో వడ్డించింది, నా ఆకులో వడ్డించింది. ఎన్నో ఏళ్ళ అలవాటు కదా, నా గొంతు తనంతట తనే సవరించుకుంది. ఆయన చెయ్యి ఆగింది. నేను ఏమడుగుతానో అని కాబోలు, తల వంచుకునే ఉన్నాడు. అడగడానికి నా దగ్గర ఏమీ లేదు. ఊరగాయ నంజుకుని తినడం మొదలుపెట్టాను. కాసేపటికి ఆయనా తిన్నాడు. ఆకు ఖాళీ అయ్యాక తలెత్తి, "ఇంకొంచెం పెరుగన్నం ఎయ్యమ్మా," అని మారు అడిగాడు.

చేతులు కడుక్కున్నాక వాళ్ళను గేటు దాకా సాగనంపాను. ఆవిడ ముందు నడిచింది. ఆయన చెప్పులు వేసుకుని, పోకుండా నిలబడ్డాడు.

"ఇంక నువ్వు నాకు బోజనం పెట్టే పనిలేదప్పా," అన్నాడు.

"లేదు సార్."

"వచ్చే శనివారం మా ఇంట్లో తళిగ. ఇంటామెను పిల్చుకోని రా."

వస్తానన్నాను. ఆయన సందు మలుపు తిరిగేదాకా గేటు పట్టుకుని నిలబడ్డాను. ఊరందరికీ ఇన్నేళ్ళు అన్నం పెట్టించాను కానీ, నన్ను భోజనానికి రమ్మని పిలిచిన మొదటి మనిషి ఆయనే.